ఎన్నిసార్లు వెళ్లి చూశారు

“ఆ అంకె వచ్చిందా?” అని అడిగాడు మా ఆయన, పాలొచ్చాయా అని అడిగినంత మామూలుగా. నేను ఆయన చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తున్నాను. కాలరు దగ్గర గుడ్డ రెండు పొరలుంటుంది, ఒకవైపే రుద్దితే రెండోవైపు ముడత మిగిలిపోతుంది, తిప్పి తిప్పి రుద్దాలి. వచ్చిందన్నాను. ఎంతన్నాడు. అరవై అన్నాను. ఆయన టీ కప్పు కింద పెట్టాడు. “సరిగ్గా చూశావా? ఎక్కడో ఏదో తప్పు చేసుంటావు.” పోయిన ఏడాది ఎనభై ఎనిమిది వచ్చినప్పుడు అది ‘మన మోడల్’. వారం తిరక్కుండానే ‘నా మోడల్’ అయింది. ఇప్పుడు అరవై వచ్చేసరికి తప్పు మాత్రం నాది.

ఆ అంకేమిటో చెప్తాను, పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. మా ఆయన పెద్దాసుపత్రిలో ఐసీయూకి హెడ్డు. అక్కడున్న రోగుల్లో ఎవరి పరిస్థితి రాబోయే కొన్ని గంటల్లో విషమిస్తుందో ముందే చెప్పే మోడల్ ఒకటి తయారుచేశాం. అంటే, చేశాను. పాత రోగుల వివరాలు వేలకొద్దీ కంప్యూటర్‌కి చూపించి, వీళ్లు బతికారు, వీళ్లు పోయారు అని నేర్పిస్తాం. నేర్చుకున్నాక, అది ఎన్నడూ చూడని రోగుల్ని చూపించి పరీక్ష పెడతాం. పోయిన మనిషినొకర్ని, బతికి ఇంటికెళ్లిన మనిషినొకర్ని పక్కపక్కన నిలబెట్టి, వీళ్లలో ఎవరికి ప్రమాదం ఎక్కువ అని అడుగుతాం. నూటికి ఎన్నిసార్లు సరిగ్గా చెప్తుందో అదే ఆ అంకె. యాభై వస్తే బొమ్మా బొరుసూ వేసుకున్నట్టే, ఆ మాత్రానికి మోడలెందుకు, నాణెం చాలు. మా ఆసుపత్రి రోగుల మీద ఎనభై ఎనిమిది. వేరే ఆసుపత్రి రోగుల మీద, అంటే అసలైన పరీక్షలో, అరవై.

పెళ్లికి ముందు నేనొక పరిశోధనా సంస్థలో పనిచేసేదాన్ని. ఇలాంటి లెక్కలే నా ఉద్యోగం. నాకో గది, తలుపు మీద నా పేరు, పేరుకి ముందు పుట్టింటి ఇంటిపేరు. పెళ్లయ్యాకా ఆ తలుపు అలాగే ఉంది. పాప పుట్టాక ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకున్నారు, నేను లోపల పాపకి పాలిస్తున్నాను. బయటికొచ్చేసరికి మాటలైపోయాయి. “ఇంట్లోంచి చేసుకోవచ్చుగా, వద్దన్నదెవరు?” అన్నాడు మా ఆయన. నిజమే, ఎవరూ వద్దనలేదు. వద్దనకుండానే మాన్పించడం ఈ ఇంటివాళ్లకి బాగా తెలుసు. అప్పట్నుంచీ నా ఆఫీసు భోజనాల బల్ల. కంచాలు పెట్టే వేళకి ల్యాప్‌టాప్ తీసేయాలి, కంచాలు కడిగాక మళ్లీ పెట్టుకోవాలి. మోడల్ నేర్చుకుంటున్నప్పుడు గంటల తరబడి ఆగకుండా నడవాలి కాబట్టి దాన్ని ఫ్రిజ్ మీదకెక్కించి, కింద కూరలు తరుగుతూ తలెత్తి చూసుకునేదాన్ని. “ఆ పెట్టె మూసి ఇటు రా అమ్మాయ్, ఎంతసేపూ దాని మొహం చూడటమేనా,” అంటుంది అత్తయ్య. డేటా ఏమో మా ఆయన లాగిన్‌తోనే తెరుచుకుంటుంది. ఆసుపత్రి లెక్క ప్రకారం ఇన్నాళ్లూ కూర్చుని కష్టపడిన మనిషి ఆయనే.

మోడల్ గురించి ఆయన మొదటి వ్యాసం అచ్చయినప్పుడు ఇంటికి తెచ్చి చూపించాడు. పైన నలుగురు డాక్టర్ల పేర్లున్నాయి. అందులో ఒకాయన మా మోడల్‌ని కంటితో చూసి కూడా ఎరగడు. చివరి పేజీలో, చిన్న అక్షరాల్లో, ‘ఎంతో ఓర్పుతో సహకరించిన నా భార్యకు కృతజ్ఞతలు’ అని ఉంది. నా పేరు కూడా లేదు, భార్య అని ఉంది. నా పేరు పెట్టొచ్చుగా అని అడిగాను. “భార్య పేరు పెట్టుకుంటే జనం నవ్వుతారు. అయినా మనలో మనకి ఈ లెక్కలేంటి?” అన్నాడు. ఒళ్లు మండింది. లెక్కలు చేసేదాన్ని పట్టుకుని లెక్కలేంటని అడిగాడు. కానీ అవతల కుక్కర్ కూత పెడుతోంది, లేచి వెళ్లాను. ఈ ఇంట్లో నేను పూర్తిచేయలేకపోయిన పోట్లాటలన్నిటికీ మధ్యలో ఏదో ఒకటి కూత పెడుతూనే ఉంది.

అరవై ఎందుకొచ్చిందో వెతకడం మొదలుపెట్టాను. ఇలాంటప్పుడు మోడల్‌ని విప్పి, అది దేన్ని చూసి నిర్ణయానికొస్తోందో ఒక్కొక్కటే చూడాలి. వయసు, ఊపిరి, మూత్రం, రక్తంలో ఆమ్లం, ఇవన్నీ ఉన్నాయి. కానీ అన్నిటికంటే ఎక్కువగా అది నమ్ముకున్నది ఇంకొకటి. బీపీ ఎంత ఉందన్నది కాదు, బీపీ ఎన్నిసార్లు నమోదైందన్నది. చాలాసేపు అర్థం కాలేదు. తర్వాత మా ఆసుపత్రిలో పోయినవాళ్ల వివరాలు ఒకరి తర్వాత ఒకరివి తీసి చూశాను. గంటకోసారి సిస్టర్ వెళ్లి చూసి నమోదు చేయాలన్నది రూలు. కానీ కొంతమంది దగ్గర గంటలో నాలుగేసిసార్లు నమోదైంది. అప్పటికి బీపీ బాగానే ఉంది, ఊపిరీ బాగానే ఉంది, ఏ అంకెలోనూ తప్పులేదు. అయినా ఎవరో ఒక సిస్టర్ మళ్లీ మళ్లీ వెళ్లింది. మనిషి రంగు చూసిందో, దుప్పటి కింద కాళ్లు కదలడం చూసిందో, ఏం చూసిందో మనకి తెలీదు, అది రాయడానికి గడి లేదు. మనసొప్పక వెళ్లింది. మోడల్ పట్టుకున్నది దాన్నే. రెండో ఆసుపత్రిలో బీపీ యంత్రమే కొలిచి యంత్రమే నమోదు చేసుకుంటుంది, అందరికీ ఒకేలా. అక్కడ సిస్టర్లు వెళ్లరని కాదు. వెళ్తారు, అది ఎక్కడా నమోదు కాదు. అందుకే మా మోడల్ అక్కడ గుడ్డిదైపోయింది.

ఇది తెలిసిన మధ్యాహ్నం నేను కుర్చీలోంచి లేవలేకపోయాను. పొయ్యి మీద ఏదో మాడిన వాసన వస్తున్నా లేవలేదు. ఎందుకంటే అలా మళ్లీ మళ్లీ వెళ్లి చూడటమేమిటో నాకు తెలుసు. పోయిన చలికాలం అత్తయ్యకి దగ్గు. మా ఆయన స్టెతస్కోపు పెట్టి చూసి, మామూలు జలుబే అని ఆసుపత్రికి వెళ్లిపోయాడు. నేను ఈ బల్ల దగ్గరే పనిలో ఉన్నాను. ఎందుకో లేచి వెళ్లి ఆవిడ గది తలుపు తీసి చూశాను. పడుకుని ఉంది. వచ్చి కూర్చున్నాను. మళ్లీ లేచాను. ఎన్నిసార్లు తిరిగానో తెలీదు, ప్రతిసారీ ఆవిడ నిద్రపోతూనే ఉంది, ప్రతిసారీ నాకు తప్పుగానే అనిపించింది. చివరికి ఒక్కదాన్నే ఆవిడని లేపి, శాలువా కప్పి, కారులో కూర్చోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాను. దార్లోనే ఆవిడకి ఊపిరందడం మానేసింది. ఊపిరితిత్తుల నిండా నెమ్ము. తొమ్మిది రోజులు ఆవిడ మా ఆయన ఐసీయూలోనే ఉంది. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నారు. ఇప్పటికీ ఎవరొచ్చినా అత్తయ్య చెప్పేది ఒకటే మాట: “మా వాడే కాపాడాడు నన్ను. వాడి చేతిలో ఉంది ఆ గుణం.” నేను పక్కనే నిలబడి టీలు అందిస్తుంటాను. ఆ తొమ్మిది రోజుల్లో ఒక్క హెడ్ సిస్టర్ మాత్రం, మందుల ట్రే సర్దుకుంటూ, “ఇంట్లో కనిపెట్టింది మీరేనా అమ్మా?” అని అడిగింది. అవునన్నాను. ఆవిడ తలూపి వెళ్లిపోయింది. ఆ తలూపడం నేను చాలా రోజులు దాచుకున్నాను.

ఆ రాత్రి భోజనాలయ్యాక మా ఆయనకి అంతా వివరంగా చెప్పాను. ఆయన ఫోన్ చూసుకుంటూ విన్నాడు. “ఎందుకు పనిచేస్తోందో మనకెందుకు? మా దగ్గర పనిచేస్తోంది కదా.” పనిచేయదు అన్నాను. ఎందుకు చేయదో కూడా చెప్పాను. ఈ మోడల్ వస్తే ప్రతి షిఫ్టులోనూ సగంమంది సిస్టర్లని తగ్గించొచ్చని ఆసుపత్రి డైరెక్టర్ లెక్క వేసుకున్నాడు. ప్రమాదం ఎవరికో మోడలే చెప్తుంది కదా, అందరి దగ్గరికీ తిరగడమెందుకని. సిస్టర్లు తగ్గితే అదనంగా వెళ్లి చూసేవాళ్లుండరు. వెళ్లి చూడకపోతే నమోదు కాదు. నమోదు కాకపోతే మోడల్ దృష్టిలో అందరూ క్షేమమే. మంచం మీద మనిషి పోతున్నా తెర మీద పచ్చ రంగే కనిపిస్తుంది. “మీ అమ్మగారిని ఆ రోజు దీనికి అప్పగించి ఉంటే, ఆవిడకేం పర్లేదనేది,” అన్నాను. ఆయన మొహం మాడ్చుకున్నాడు. “ప్రతిదానికీ ఇంటి విషయాలు తెస్తావేంటి? ఇందుకే ఆడవాళ్లతో పని పెట్టుకోకూడదు,” అన్నాడు. లేచి వెళ్తూ తలుపు దగ్గర ఆగాడు. “ఈ మోడల్‌ని ఆసుపత్రి కమిటీ ఒప్పుకోకపోతే నా హెడ్డు పోస్టు ఉంటుందో లేదో కూడా తెలీదు. నీ కూతురి చదువేం చేస్తావ్?” మార్కులొచ్చినప్పుడు అది ఆయన కూతురు. ఖర్చనేసరికి నా కూతురు.

రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, గొంతు తేనెలా ఉంది. “ఒక పని చెయ్. ఆ రెండో ఆసుపత్రి రోగుల్ని కూడా కలిపి మళ్లీ నేర్పించు. తర్వాత పరీక్ష పెట్టు.” ఎవరి మీద పరీక్ష అన్నాను. “వాళ్ల మీదే.” నేను నవ్వాను, నవ్వు ఆగలేదు. ముందే ప్రశ్నపత్రం చేతికిచ్చి, జవాబులు బట్టీ పట్టించి, అవే ప్రశ్నలు అడగమంటున్నాడు. “ఎంత వస్తుందో చూద్దాం, అంతే. చూస్తే పోయేదేముంది?” అని చెవిలో జోరీగలా పోరుపెట్టాడు. ఆ పోరు పడలేక, అలా చేస్తే వచ్చే అంకె ఎంత పనికిమాలినదో ఆయనకి చూపించాలని, చేశాను. ఎనభై ఆరు వచ్చింది. ఇది అబద్ధం అని చెప్పబోతున్నాను, ఆయన నా భుజం మీదుగా ఫోన్ చాచి తెరని ఫోటో తీశాడు. నేను వెనక్కి తిరిగేలోపే డైరెక్టర్‌కి వెళ్లిపోయింది. “వచ్చేసింది సర్ అని పెట్టాను,” అన్నాడు సంబరంగా. మోసపోయిన మొహంతో నేను ఆ బల్ల దగ్గరే కూర్చున్నాను. కేకలేస్తే పాప గదిలోకి వినబడుతుంది. పాప ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది: “మా అమ్మా? ఏం చేయదు, ఇంట్లోనే ఉంటుంది.”

నా పేరు సంగతి ఆ తర్వాతే వచ్చింది. మోడల్ తయారుచేసినవాళ్లే దాన్ని పరీక్షించకూడదట, బయటి మనిషెవరైనా పరీక్షించి కమిటీ ముందు చెప్పాలట. అది నాకు తెలీనిదా. “నీ పేరు పెడదాం,” అన్నాడు మా ఆయన. గుండె ఒక్కసారి ఆగి కొట్టుకుంది, సిగ్గులేకుండా. “నీ పుట్టింటి ఇంటిపేరుతో. పాత సంస్థ పేరు కూడా వేద్దాం, ఒకప్పుడు చేసినదానివే కదా. ఎవరికీ అనుమానం రాదు. ఎప్పట్నుంచో పేరు పేరు అంటున్నావుగా, తీసుకో.” ఇన్నాళ్లుగా అడుగుతున్న పేరు. తయారుచేసినప్పుడు పనికిరాని పేరు, అబద్ధం చెప్పడానికి పనికొచ్చింది. దాన్ని కూడా ఆయన పండక్కి చీర పెట్టినంత దర్జాగా ఇస్తున్నాడు. నేను ఔననలేదు, కాదనలేదు. ఆయనకి అది చాలు. ఈ ఇంట్లో నేను నోరు మెదపకపోతే ఒప్పుకున్నట్టే లెక్క.

అప్పట్నుంచి మీటింగు రోజు దాకా నేను చేసిన పని ఆలోచించడమే. గిన్నెలు తోముతూ ఆలోచించాను, బట్టలు ఆరేస్తూ ఆలోచించాను. చెప్పేస్తే ఆయన పోస్టు పోతుంది. ఆయన పోస్టు పోతే ఈ ఇల్లు, పాప చదువు, అత్తయ్య మందులు. నాకంటూ జీతం లేదు, దాచుకున్నది లేదు, చేసిన పనికి రుజువు లేదు, ఉన్న రుజువంతా ఆయన లాగిన్‌లో ఉంది. చెప్పకపోతే ఎవరో పోతారు. ఎవరన్నది నాకెప్పటికీ తెలీదు. ఎవరి మంచం దగ్గరికో ఒక సిస్టర్ వెళ్లాల్సింది, వెళ్లదు, అంతే. ఎటు తిరిగినా గోడే. ఒకసారి ఇల్లొదిలి వెళ్లిపోదామా అని కూడా అనుకున్నాను, అనుకుంటూనే అత్తయ్య పడుకునే ముందు వేసుకునే మాత్రలు తీసి పెట్టాను. చేతులకి నా ఆలోచనలతో పనిలేదు, వాటి దారిన అవి చాకిరీ చేసుకుపోతుంటాయి.

మీటింగు రోజు పొద్దున ఆయన నేను ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని, వెళ్తూ వెళ్తూ జాగ్రత్తలు చెప్పాడు. వీడియోలో వంటిల్లు కనిపించకూడదు, పుస్తకాల బీరువా ముందు కూర్చో. అమ్మని కాసేపు పిలవొద్దని చెప్పు. మోడల్ చేసినవాళ్లు మీకు తెలుసా అని మొదట్లో ఒక ప్రశ్న అడుగుతారు, మామూలు ప్రశ్నే, లేదండీ అను. తర్వాత ఎనభై ఆరు అని చెప్పి రెండు ముక్కలు మాట్లాడు. “ఎక్కువ వివరించకు. నువ్వు మొదలుపెడితే ఆపవు.”

అత్తయ్యకి మాత్రలిచ్చి, కాసేపు పిలవకండి అత్తయ్యా, మీటింగుంది అన్నాను. ఆవిడ నీళ్ల గ్లాసు పట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది. “మీటింగుకి చీర మార్చుకోలేదేం?” అంది. తర్వాత మాత్ర మింగి, ఏదో గుర్తొచ్చినట్టు, “ఆ రోజు, నాకు బాగాలేని రోజు, అన్నిసార్లు ఎందుకొచ్చి చూశావే?” అని అడిగింది. నేను తెల్లబోయాను. నిద్రపోతోందనుకున్నాను.

“మీకు తెలుసా?”

“తెలీకేం. తలుపు కిర్రుమంటుంది కదా. మొదట విసుగేసింది, ప్రశాంతంగా పడుకోనివ్వదేంటి ఈ పిల్ల అని. తర్వాత భయం తగ్గింది. సరే, ఇది చూస్తోందిలే అని కళ్లు మూసుకున్నాను.”

“మరి అందరికీ మీ అబ్బాయే కాపాడాడని చెప్తారేం అత్తయ్యా?”

ఆవిడ ఆశ్చర్యపోయింది. ఇందులో అడగడానికేముందన్నట్టు చూసింది. “వాడు డాక్టరు కదే. నువ్వు ఇంట్లోదానివి.” ఆ మాటలో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. పగలు వెలుతురుంటుంది అన్నట్టు చెప్పింది. గ్లాసు నా చేతికిచ్చి దుప్పటి కప్పుకుంది. ఇన్నాళ్లూ నన్నెవరూ చూడలేదనుకున్నాను. చూశారు. చూసి, లెక్కలోకి తీసుకోలేదు. చూడకపోవడమే నయం.

బీరువా ముందు కూర్చోలేదు. నా బల్ల దగ్గరే కూర్చున్నాను, వెనక వంటిల్లు, పొయ్యి మీద గిన్నె, అన్నీ కనిపించేలా. తెర తెరుచుకుంది. పొడుగాటి బల్ల, చివర డైరెక్టర్, పక్కన మా ఆయన, ఆ కాలరు మీద ఒక్క ముడత లేదు. ఇంకో చివర, సిస్టర్లని తగ్గించే విషయం కాబట్టి కాబోలు, హెడ్ సిస్టర్‌ని కూడా కూర్చోబెట్టారు. ఆవిడకి మైకు లేదు. నా బొమ్మ కింద నా పేరు, ముందు నా పుట్టింటి ఇంటిపేరు, మా ఆయనే టైపు చేసి పెట్టాడు. తలుపు మీద చూసుకున్న పేరు మళ్లీ ఇప్పుడు చూసుకున్నాను. వెనక వంటిల్లు చూసి మా ఆయన కనుబొమ్మలు ముడిచాడు. హెడ్ సిస్టర్ కళ్లు చిట్లించి తెర వైపు వంగింది. నన్ను గుర్తుపట్టిందని తెలిసిపోయింది. మా ఆయన దాన్ని గమనించలేదు. గమనించడం ఆయన పని కాదు కదా.

“నమస్కారం మేడమ్,” అన్నాడు డైరెక్టర్ మర్యాదగా. “మొదలుపెట్టే ముందు అందర్నీ అడిగే ప్రశ్నే. ఈ మోడల్ తయారుచేసినవాళ్లతో మీకు పరిచయం గానీ, కలిసి పనిచేసిన అనుభవం గానీ ఉన్నాయా?”

మా ఆయన బల్ల మీద పెన్ను తిప్పుతున్నాడు. లేదండీ అన్న మాట నాకు అందుబాటులోనే ఉంది, చిన్న మాట, ఇంతకంటే పెద్ద అబద్ధాలు ఈ ఇంట్లో రోజూ చెప్తూనే ఉన్నాను, ఏం పర్లేదని, అలసిపోలేదని. అవతలి గదిలో అత్తయ్య దగ్గింది. అలవాటు కొద్దీ చెవి అటు వేశాను. మామూలు దగ్గే. మళ్లీ తెర వైపు తిరిగాను.

“మీ దగ్గర ఆ మొదటి వ్యాసం ఉంటుంది కదండీ,” అన్నాను. “చివరి పేజీ చూడండి. ఎంతో ఓర్పుతో సహకరించిన భార్యకు కృతజ్ఞతలు అని ఉంటుంది. ఆ భార్యని నేనే. మోడల్ తయారుచేసింది కూడా నేనే. పరీక్షలో దానికి వచ్చింది అరవై.”